డెంటల్ అసిస్టెంట్లకు చేతల పరీక్ష పెట్టండి

సంపాదకులకు నమస్కారం.

నేను ఖమ్మంలో ఇరవై రెండేళ్లుగా పళ్ల డాక్టరుగా పనిచేస్తున్నాను. ఈమధ్య నా క్లినిక్‌లో ఒక అమ్మాయి అసిస్టెంట్‌గా చేరింది. కోర్సులో 100కి 86 మార్కులు. పరికరాల్లోని క్రిములను ఆవిరితో చంపే ఆటోక్లేవ్ గురించి అడిగితే 121 డిగ్రీలు, 15 పౌండ్ల ప్రెషర్, 15 నుంచి 20 నిమిషాలు అని గడగడా చెప్పింది. సరే, పెట్టమన్నాను. పరికరాల పౌచ్‌లన్నీ సంచిలో బట్టలు కుక్కినట్టు ఒకదాని మీద ఒకటి కుక్కింది. అయ్యాక తడిగానే తీసి ట్రేలో సర్దింది. ‘పౌచ్ మీది టేపు రంగు మారింది కదా మేడమ్’ అంది. ఆ రంగు వేడి తగిలిందని మాత్రమే చెబుతుంది. క్రిములు నిజంగా చచ్చాయో లేదో తేల్చేది, మొండి క్రిములను లోపల పెట్టి చూసే స్పోర్ టెస్ట్. దాన్ని ఆమె ఒక్కసారి కూడా చూడలేదట.

తప్పు ఆ పిల్లది కాదు. ఆమె పని చేస్తుంటే పక్కన నిలబడి చూసినవాళ్లు లేరు. కోర్సు రికార్డు పుస్తకంలో మాత్రం ప్రతి పేజీకీ సంతకం ఉంది.

ఇది చిన్న విషయం కాదు. 2023లో తమిళనాడులోని వాణియంబాడిలో ఒక దంత క్లినిక్‌తో ముడిపడిన 10 మందికి మెదడుకు పాకే మెలియాయిడోసిస్ అనే బ్యాక్టీరియా జబ్బు సోకింది. వారిలో 8 మంది చనిపోయారు. సెలైన్ సీసా తెరవడానికి శుభ్రం చేయని పరికరం వాడటం, మిగిలిన సెలైన్‌ను దూదితో మూసి మళ్లీ వాడటం అక్కడ జరిగిందని వేలూరు సీఎంసీ ఆసుపత్రి, భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) పరిశోధకులు తేల్చారు. ఇలాంటి అలవాట్లు ప్రశ్నపత్రానికి దొరకవు, పక్కన నిలబడి చూసే కంటికే దొరుకుతాయి.

మార్కులన్నీ కలిపి కూడటంలోనే అసలు చిక్కు ఉంది. ఒక పనిలో 20 మెట్లుంటే 18 సరిగ్గా చేసినవారికి 90 శాతం వస్తుంది. తప్పిన ఆ రెండూ, వాడిన సూదికి చేతికి గుచ్చుకునేలా రెండు చేతులతో క్యాప్ పెట్టడం, దాన్ని ఎర్ర సంచిలో పడేయడం అయితే? 2016 నాటి బయోమెడికల్ వ్యర్థాల నిబంధనల ప్రకారం సూదులు తెల్లటి గట్టి డబ్బాలోనే వేయాలి. ఎర్ర సంచిలో పడ్డ సూది మర్నాడు దాన్ని ఎత్తే మనిషి చేతిలో దిగుతుంది. అలాంటప్పుడు 90 శాతం అని రాయకూడదు, ఫెయిల్ అనే రాయాలి.

నా క్లినిక్‌లో నేను చేసింది పెద్ద విద్యేమీ కాదు. ఒక్కో పనినీ మెట్లుగా కాగితం మీద రాసుకున్నాను. ఏది తప్పితే మొత్తం తప్పినట్టో వాటి పక్కన చుక్క పెట్టాను. ఆ అమ్మాయి పనిని చేరిన రోజు ఒకసారి, నేర్పాక ఒకసారి, మూడు నెలలయ్యాక ముందుగా చెప్పకుండా ఇంకోసారి చూశాను. మధ్యలో నోరు మెదపలేదు. నాకు అదే అన్నిటికంటే కష్టమైంది! మే నెల మధ్యాహ్నం, పళ్ల అచ్చు తీసే ఆల్జినేట్ పొడి కలపమంటే, కాలిపోతున్న ట్యాంకు నీళ్లు పోసింది. ట్రే నోటిదాకా వెళ్లేలోపే గడ్డకట్టింది. మూడో నెలలో చెప్పకుండానే ఫ్రిజ్ నీళ్లు కలిపి చల్లబరిచి, కొలిచి పోసింది. ఎందుకని అడిగితే కారణం కూడా చెప్పింది. 36 అంటే కింది ఎడమ వైపు మొదటి పెద్ద దవడ పన్ను అని అప్పజెప్పడమే కాదు, నేను నంబరు అనగానే చార్టులో సరైన చోట గుర్తు పెడుతోంది.

1948 నాటి దంత వైద్యుల చట్టం హైజీనిస్టులకు, మెకానిక్‌లకు రిజిస్టర్ పెట్టింది. కుర్చీ పక్కన నిలబడే అసిస్టెంట్‌ను పట్టించుకోలేదు. అందుకే అసిస్టెంట్ కోర్సు సర్టిఫికెట్ ఇచ్చే సంస్థల మీద బాధ్యత ఇంకా ఎక్కువ. పాఠం చెప్పినవారే పరీక్షకులు కాకూడదు. పరీక్ష డెంటల్ కుర్చీ దగ్గరే జరగాలి. మెమోలో మొత్తం మార్కులకు బదులు ఏ పని వచ్చింది, ఏది రాలేదు అని విడివిడిగా రాయాలి. ప్రాక్టికల్స్‌కు ముందే పిల్లలకు హెపటైటిస్ బి టీకా వేయించాలి.

నా దగ్గరికి ఉద్యోగానికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది పల్లెల పిల్లలు, అప్పు చేసి ఫీజు కట్టినవాళ్లు. రాని పనిని వచ్చినట్టు రాసి పంపడం పేషెంట్లకే కాదు, వారికీ అన్యాయమే. పరీక్షకు కుర్చీలు చాలవంటే, నా క్లినిక్ ఆదివారాలు ఖాళీగానే ఉంటుంది. తాళం ఇచ్చేస్తాను.

– ఒక దంత వైద్యురాలు, ఖమ్మం