అట్టలేసేవాళ్లం పత్రిక వేశాం

మత్తికెరె, బెంగుళూరు
ఆదివారం పొద్దున్న

ఒరేయ్ సూరీ,

ముందు తిట్టేయ్, ఆ పని కానీ. నీ ఉత్తరం ఎప్పుడొచ్చిందో నాకు తెలుసు. సాకులు కూడా రెడీగానే ఉన్నాయి కానీ అవి నీ దగ్గర చెల్లవు. అమ్మ మోకాళ్లు ఎప్పట్లాగే. పాప ఇంట్లో కన్నడంలో దబాయిస్తోంది. ఓనరు అద్దె పెంచాడు. కుశలాలు అయిపోయాయి. ఇక అసలు సంగతి, చెప్పకపోతే కడుపుబ్బి చచ్చేలా ఉన్నాను.

మా ఎకనామిక్స్ సఫారీ సార్ నా లైబ్రరీకి వచ్చాడ్రా! స్వయంగా. వచ్చి కూర్చున్నాడు.

ఆగు, మొదట్నించీ చెప్తాను. మా కాలేజీ పత్రిక ఉంది కదా. నువ్వొచ్చినప్పుడు మెట్ల కింద కూర్చుని టీ తాగిన ఆ 'సోఫా' గుర్తుందా? అదే. పోస్టులో తిరిగొచ్చిన పాత సంచికల కట్టలన్నీ కలిపి దుప్పటి కప్పిందన్నమాట. పోయినేడాది ప్రెస్సాయన పాత బాకీ తీరిస్తేగానీ కొత్త సంచిక ముట్టనన్నాడు. ఇంతలో ఒక పెద్ద ప్రచురణ సంస్థ వాళ్లు పత్రిక మాకిచ్చెయ్యండి, మేం నడుపుతాం అని ఒప్పందం కాగితాలు పంపారు. ప్రిన్సిపాల్ గారు మురిసిపోయి మీటింగ్ పెట్టారు. నేను కాగితాలు చదివాను. వ్యాసాల కాపీరైటు వాళ్లకి రాసిచ్చెయ్యాలి. అందరూ ఉచితంగా చదవాలంటే రాసినవాడు వ్యాసానికింత అని కట్టాలి. మన పిల్ల, మన పొలం, కట్నం ఎదురు మనమే ఇచ్చుకోవాలి!

అప్పుడు నోరు జారింది, సూరీ. "లైబ్రరీ వేస్తుంది సార్, మాకు వదిలెయ్యండి" అన్నాను.

ఎకనామిక్స్ హెడ్డు సఫారీ సార్ ఒక్క క్షణం ఆగి, "పుస్తకాలకి అట్టలేసి నంబర్లంటించుకునేవాళ్లు పత్రిక వేస్తారా?" అన్నాడు. గదంతా గొల్లుమంది. నువ్వుంటే వాల్తేరు హాస్టల్లో సాంబారు రోజు ఎక్కినట్టు బల్లెక్కి ఉండేవాడివి. నేను ఎక్కలేదు గానీ చెవులు కాలిపోయాయి.

ఆ కోపంలోనే మనం చదువుకున్నదంతా కక్కేశాను. మన గ్రంథాలయ శాస్త్రానికి పితామహుడు రంగనాథన్ గారి ఐదు సూత్రాల పుస్తకం 1931లో వేసిందెవరండీ? మద్రాసు గ్రంథాలయ సంఘం. 1933లో పుస్తకాల్ని విషయాలవారీగా సర్దే ఆయన కోలన్ వర్గీకరణ వేసిందీ వాళ్లే. భౌతికశాస్త్రం వాళ్లంతా కొత్త వ్యాసాల కోసం పొద్దున్నే తెరిచే ఆర్కైవ్ అనే ఉచిత సైటు 2001 నించి కార్నెల్ యూనివర్సిటీ లైబ్రరీ నీడన పెరిగింది. ఓపెన్ యాక్సెస్, అంటే ఎవరైనా ఉచితంగా చదవగలిగే పత్రికల డైరెక్టరీ 2003లో స్వీడన్‌లో లుండ్ యూనివర్సిటీలో పుట్టింది, లైబ్రరీవాళ్ల చేతుల్లోనే. మిషిగన్ యూనివర్సిటీ అయితే 2009లో ఏకంగా తన ప్రెస్సునే తీసుకెళ్లి లైబ్రరీ కింద పెట్టింది. నేచర్ పత్రికలో ఓపెన్‌గా వేయించుకోవాలంటే 2021లో పెట్టిన రేటు 9,500 యూరోలు, మన డబ్బుల్లో ఎనిమిది లక్షల పైమాటే. పరిశోధన పత్రికలు చదవడానికైతే మన ప్రభుత్వం 2024లో 'ఒకే దేశం ఒకే చందా' అని మూడేళ్లకి 6,000 కోట్లు తీసిపెట్టింది, బావుంది, కాదనను. కానీ మన పిల్లలు రాసింది మన పిల్లలకి చూపించుకోడానికి ఎవరి గుమ్మం ముందో నిలబడ్డం ఏమిటని అడిగాను.

ప్రిన్సిపాల్ గారు "ఖర్చెంతయ్యా?" అన్నారు. తక్కువని చెప్పాను. "అయితే చేసుకో" అన్నారు. అంతే. నా ఉపన్యాసం ఎవడు విన్నాడ్రా, ఆ ఒక్కమాటకి పనైపోయింది.

తరవాతి చాకిరీ నీకు వివరంగా చెప్పక్కర్లేదు. కెనడావాళ్ల పబ్లిక్ నాలెడ్జ్ ప్రాజెక్ట్ ఉచితంగా ఇచ్చే పత్రికలు నడిపే సాఫ్ట్‌వేర్ ఓజేఎస్‌ని మన లైబ్రరీ కేటలాగు నడిచే కోహా సర్వర్ పక్కనే ఎక్కించాను. ప్రింటు సంచికకున్న ఐఎస్‌ఎస్‌ఎన్, అదే పత్రిక గుర్తింపు నంబరు, ఆన్‌లైన్‌కి పనికిరాదు, ఢిల్లీకి రాసి వేరేది తెప్పించాను, పైసా తీసుకోరు. సంపాదకురాలిగా హిస్టరీ మేడమ్ ఒప్పుకున్నారు. సమీక్షకులకి రచయిత పేరు తెలియకూడదని పేరు చెరిపి పంపిస్తామా, వర్డ్ ఫైల్ ప్రాపర్టీస్ తెరిస్తే అక్కడ ఊరూ పేరూ నిక్షేపంలా ఉంటాయి! అందుకని ప్రతి ఫైలూ తుడవడం మా అటెండర్ కుర్రాడికి నేర్పాను. వాడిప్పుడు సబ్ ఎడిటర్ ఫోజు కొడుతున్నాడు.

అన్నిటికన్నా తెలుగు వ్యాసం చంపేసిందిరా. ఒక రిటైరైన మేడమ్ చిక్కబళ్లాపురం వైపు తెలుగు పల్లెల్లో నాట్ల పాటలు సేకరించి రాశారు. డీటీపీ సెంటర్లో పాత ఫాంటులో కొట్టించుకొచ్చారు. కాగితం మీద ముత్యాలే. కాపీ చేసి పేస్ట్ చేస్తే డాలర్ గుర్తులూ ఇంగ్లిషు ముక్కలూ. యూనికోడ్‌లోకి మారిస్తే ఒత్తులన్నీ లేచెళ్లి పక్కవాడి నెత్తిన కూర్చున్నాయి. 'నాట్లు' ఉండాల్సిన చోట 'నాటు్ల'. రాత్రిళ్లు మీ చెల్లెమ్మ ప్రింటు చూసి చదువుతుంటే నేను స్క్రీన్ మీద దిద్దాను. కాసేపటికి తను చదవడం మానేసి పాడ్డం మొదలెట్టింది, వాళ్ల అమ్మమ్మ పాడేదట అందులో ఒకటి. అలా దిద్దాం. ఇప్పుడా పాటలో ఏ చరణం కొట్టినా వెతికితే తగులుతుంది. అసలు తెలుగులో పరిశోధన రాసేవాళ్లు ఇన్నేళ్లుగా ఆ ఫాంటుల్లో ఎంత పూడ్చిపెట్టారో తలుచుకుంటే... సరే, అది ఇంకో ఉత్తరం.

ఇక సఫారీ సార్. హొసకోటె చెరువు కింద కూరగాయల సాగు మీద ఆయనా ఒక వ్యాసం పంపాడు. చూశావా, అట్టలేసేవాళ్లకే! ఇద్దరు సమీక్షకులూ లెక్కలు బావున్నాయన్నారు, కానీ చూపించిన ఆధారాల్లో కొన్ని ఎక్కడా తెరుచుకోవడం లేదని తిప్పి పంపమన్నారు. మేడమ్ పంపేశారు. సాయంత్రం నేను బీరువాలు తాళం వేస్తుంటే సారొచ్చాడు.

"ఎక్కించే బటన్ నీ దగ్గరే ఉంది కదయ్యా."

"బటన్ నా దగ్గరే ఉంది సార్. ఎక్కించాలో వద్దో చెప్పేది మేడమ్."

ఈ మాట ఆయన మొహమ్మీద అనాలని ఎన్ని రాత్రులు కలగన్నానో నీకు తెలుసు. అన్నాక మాత్రం ఏం మజా రాలేదు, ఎందుకంటే ఆయన అరవలేదు. కుర్చీ లాక్కుని కూర్చుని సంచీలోంచి ఒక జెరాక్సు తీశాడు. ఆ తెరుచుకోని ఆధారాల్లో ఒకటి ఆయన సొంత వ్యాసమేరా. ప్రమోషన్ కోసం ఎవరికో డబ్బు కట్టి వేయించుకున్నాడు. ఇప్పుడా లింకు నొక్కితే పేకాట యాప్ ప్రకటన వస్తోంది. పత్రిక లేదు, వెబ్‌సైట్ లేదు, ఆఫీసు అడ్రసుకి రాస్తే కవరు తిరిగొచ్చింది. ఆయన దగ్గర మిగిలింది ఆ జెరాక్సూ, ఒక సర్టిఫికెట్టూ. సర్టిఫికెట్ లామినేషన్ చేయించుకున్నాడు సూరీ. జెరాక్సుని బల్ల మీద పెట్టి, "మీ దాంట్లో పెడితే ఇది ఉంటుందా?" అని అడిగాడు.

అట్టల మాట నాలిక చివరిదాకా వచ్చింది. మింగేశాను. అందులో ఉన్నవి రెండేళ్లు పల్లెపల్లె తిరిగి రాసుకున్న లెక్కలు, ఇప్పుడా చెరువు కింద సగం లేఅవుట్లే.

పత్రికలో కుదరదు సార్, రిపాజిటరీలో, అదే మనవాళ్ల వ్యాసాలు దాచి అందరికీ చూపించే ఆన్‌లైన్ భోషాణంలో పెడదాం అన్నాను. ఇక్కడికి కూతవేటు దూరంలో ఐఐఎస్సీ వాళ్లు 2002లోనే ఈప్రింట్స్ అని మొదలెట్టారు, మనమూ అలాంటిదే. ఎక్కడ అచ్చయిందో, ఆ పత్రిక ఏమైందో ఉన్నదున్నట్టు రాసి పెడదాం అన్నాను. సరేనన్నాడు. తీరా చూస్తే కాపీరైటు ఆ మాయమైన పత్రికవాళ్లకి రాసిచ్చాడట! లేనివాణ్ణి అనుమతి ఎలా అడగాలిరా? అడక్కుండా పెడితే రేపు ఎవడో లేచొస్తే? నీ మొదటి ఆలోచన ఏమిటో రాయి, చట్టం కాదు, నీకేం తోస్తోందో.

ఇంకో గుబులు కూడా ఉంది. ఉంటుందా అని ఆయన అడిగితే ఉంటుంది సార్ అని ధీమాగా అనేశాను. స్టాన్‌ఫర్డ్ వాళ్ల లాక్స్ పద్ధతిలో కాపీలు వేరే చోట్ల కూడా దాస్తారు, మా పత్రికని అందులో చేర్చాను, కాబట్టి పత్రికకి పర్లేదు. కానీ ఈ రిపాజిటరీ అంతా ఒక్క సర్వరూ, ఒక్క నేనూ. పబ్లిషర్ అన్న ముక్క నా జీతం స్లిప్పులో లేదు. రేపు నేను మానేస్తే పాస్‌వర్డులు ఆ అటెండర్ కుర్రాడికేనా? ప్రిన్సిపాల్ గారిని ఒక మనిషినిమ్మని అడిగితే కాలేజీకి గ్రేడిచ్చే నాక్ టీమ్ వచ్చి వెళ్లాక చూద్దాం అన్నారు. నీకు తెలుసుగా ఆ 'చూద్దాం'.

అన్నట్టు మీ కాలేజీ పత్రిక సంగతేమిటి? నీకూ సోఫాయేనా? ఓజేఎస్ నేను ఇక్కణ్ణించే ఎక్కించి పెడతాను, నువ్వు ముందు మీవాళ్ల చేత

అయ్యో, కింద ఆటో వచ్చేసింది. పక్కింటాయన శేషాద్రి ఎక్స్‌ప్రెస్‌కి కాకినాడ వస్తున్నాడు, ఈ కవరు ఆయన చేతికే ఇస్తున్నా. హారన్ కొడుతున్నాడు. కాపీరైటు సంగతి రాయడం మర్చిపోకు

నీ
బుజ్జిగాడు