థామస్ మోర్ ఎవరి ఉప్పు తిన్నాడు?

ఒరేయ్ శీనయ్యా,

ఎలా ఉన్నావు? అమ్మకి మోకాళ్ల నొప్పి తగ్గిందా? ఇక్కడ కావలిలో అందరం బాగున్నాం. ఈ సంగతి ఫోన్లో చెప్తే తెగదు, అందుకే ఉత్తరం. తీరిగ్గా చదువు.

ఈమధ్య ఒక సీరియల్ చూశా, ఒక నవల చదివా. సీరియల్ బీబీసీ వాళ్ల ‘వుల్ఫ్ హాల్’, 2015లో వచ్చింది, ఆరే ఎపిసోడ్లు. నవల జోసెఫిన్ టే రాసిన ‘ది డాటర్ ఆఫ్ టైమ్’, 1951 నాటి డిటెక్టివ్ కథ. విడివిడిగా అయితే బాగున్నాయని చెప్పి ఊరుకునేవాణ్ణి. కానీ రెండింట్లోనూ ఒకే మనిషి తగిలాడురా, సర్ థామస్ మోర్. ఇంగ్లండు రాజు ఎనిమిదో హెన్రీ దగ్గర మంత్రిగా చేసినవాడు. 1935లో పోప్ సెయింట్‌గా ప్రకటించిన మనిషి. ఆయన్ని ఇద్దరూ బోనెక్కించారు.

సీరియల్ ఎనిమిదో హెన్రీకి మంత్రి అయిన థామస్ క్రామ్‌వెల్ కథ. ఆ వేషం మార్క్ రైలన్స్ వేశాడు. ఏం నటుడురా! సగం సీన్లలో ఒక పక్కన నిలబడి వింటుంటాడు, అంతే. అయినా మన కళ్లు అతని మీదే ఉంటాయి. రాత్రి సీన్లు కొవ్వొత్తుల వెలుగులోనే తీశారు. మూలన ఎవరు నక్కి వింటున్నారో తెలియని ఆ కోట టెన్షన్ మనకీ పట్టుకుంటుంది. ఆఖరి సీను నన్ను రెండు రోజులు వదల్లేదు. 1536లో రాణి ఆన్ బోలిన్ తల తెగిపడ్డాక క్రామ్‌వెల్ రాజు దగ్గరికి నడిచి వస్తాడు. హెన్రీ చేతులు చాచి, నవ్వుతూ కావలించుకుంటాడు. కెమెరా మాత్రం క్రామ్‌వెల్ మొహం మీదే ఉంటుంది. ఆ కళ్లు చూడాలి నువ్వు! నాలుగేళ్లకి అదే రాజు అతని తలా తీయించాడు.

ఒక్కటే నాకు నచ్చలేదు. మోర్‌ని మరీ ఎండగట్టారు. ప్రొటెస్టెంట్ అనే కొత్త మతం పట్టినవాళ్లని ఆయన హయాంలో తగలబెట్టించడం నిజమే, కాదనను. కానీ రాజే చర్చికి పెద్ద అని మనసొప్పని ప్రమాణం చెయ్యనని తల ఇచ్చిన మనిషి కూడా ఆయనే కదా. ఆ ధైర్యానికి ఇంకాస్త చోటివ్వాల్సింది.

ఇక నవల. కాలు విరిగి ఆస్పత్రిలో పడున్న ఇన్స్‌పెక్టర్ గ్రాంట్‌కి తోచక పాత బొమ్మలు చూస్తుంటాడు. ఒక మొహం చూసి ఎవరో జడ్జి అనుకుంటాడు. తీరా అది మూడో రిచర్డ్! అన్న కొడుకులిద్దర్నీ లండన్ టవర్లో చంపించాడని బడి పుస్తకాలన్నీ చెప్పే రాజు. వచ్చినవాళ్లందరికీ ఆ బొమ్మ చూపిస్తాడు. నర్సుకి లివర్ జబ్బు కనపడుతుంది, డాక్టరుకి పోలియో. హంతకుణ్ణి ఎవరూ చూడరు. ఈ ఘట్టం మళ్లీ వెనక్కెళ్లి చదివా.

రిచర్డ్ మీద పెద్ద సాక్ష్యం మోర్ రాసిన చరిత్రే. అయితే 1485లో బాస్‌వర్త్ యుద్ధంలో రిచర్డ్ చచ్చేనాటికి మోర్ ఏడెనిమిదేళ్ల పిల్లాడు. తర్వాత పనికి కుదిరింది ఎవరింట్లోననుకున్నావు? రిచర్డ్‌కి బద్ధశత్రువైన మోర్టన్ ఇంట్లో. అంటే రాసింది కళ్లారా చూసింది కాదు, చెవిన పడింది. అదీ శత్రువు ఇంట్లో. ఎంత మంచివాడైనా ఎవరి ఉప్పు తిని ఆ మాట రాశాడో అడక్కుండా ఎలా నమ్ముతాంరా?

టే కూడా ఒకచోట తొందరపడింది. నేరాన్ని రిచర్డ్ మీంచి తీసి, బాస్‌వర్త్‌లో అతన్ని ఓడించి రాజైన ఏడో హెన్రీ నెత్తిన పెట్టింది. దానికీ గట్టి రుజువు లేదు. 2012లో లీస్టర్‌లో కార్ పార్కింగ్ కింద రిచర్డ్ ఎముకలు దొరికాయి. వెన్నెముక నిజంగానే పక్కకి వంగి ఉంది, అతనికి ఉందని చెప్పే ఎండిపోయిన చెయ్యి మాత్రం కట్టుకథ. ఎముకలు ఆ మాత్రం చెప్పాయి గానీ, పిల్లల్ని ఎవరు చంపారో చెప్పలేదు.

ఇది చదువుతుంటే మన కాటమరాజు కథే బుర్రలో తిరిగింది. కాటమరాజు గొల్లల నాయకుడు, అతనితో పోరాడిన ఖడ్గతిక్కన నెల్లూరు రాజు సేనాని. మనం విన్నది ఖడ్గతిక్కన వైపు నుంచి. యుద్ధంలోంచి వెనక్కొస్తే భార్య ఆడవాళ్లకి పెట్టినట్టు స్నానానికి మంచం అడ్డంపెట్టి పసుపుముద్ద ఉంచిందనీ, ఆ అవమానానికి మళ్లీ వెళ్లి ప్రాణం ఇచ్చాడనీ. గొల్లలు పాడేదాంట్లో న్యాయం కాటమరాజుది. కరువుకి ఆవుల్ని తోలుకొచ్చాడు, మేతకి కోడెదూడలిస్తానని ఒప్పుకున్నాడు, ఆ ఒప్పందం నెల్లూరు రాజు వైపే చెడిందంటారు వాళ్లు. ఒకే యుద్ధం, ఇద్దరు సాక్షులు. గ్రాంట్ లాంటివాడొకడు ఈ రెండు వాంగ్మూలాలూ పక్కపక్కన పెట్టి విచారించే నవల తెలుగులో రావాలిరా. వస్తే ముందు కొనేది నేనే.

అందుకే నీకో పని. కనిగిరి వైపు మీ మేనమామ వాళ్ల ఊళ్లో ఆ కథ చెప్పేవాళ్లు ఇంకా ఉన్నారేమో కనుక్కో. ఉంటే ఏ రోజు పాడతారో రాయి, బస్సెక్కి వచ్చేస్తా. వచ్చేటప్పుడు నవల నీకోసం తెస్తా.

నీ
కావలి మిత్రుడు