మెట్టకు జోడిపి గొర్రె చాలు, చిటుక రోగం టీకా తొలకరికి ముందే కావాలి

సంపాదకులకు,

కొత్తగా జీవాల పెంపకంలోకి దిగుతున్న యువకులు, ఒంటె కుటుంబానికి చెందిన ఉన్ని జీవం అల్పాకాను పెంచితే లాభమేనా అని అడుగుతున్నారు. దాని ఉన్ని మెత్తన, వెచ్చన, మంచి ధరా పలుకుతుంది. కానీ పెరూ, బొలీవియాల్లో ఆండీస్ కొండల మీద, 3,500 మీటర్లు దాటిన ఎత్తుల్లోని చలికి అలవాటు పడ్డ జీవం అది. ఏడాదికోసారి ఉన్ని కత్తిరించినా మన రోహిణి కార్తె ఎండ, ఉక్కపోత దానికి గండమే. చూడి పదకొండు నెలలు దాటుతుంది, ఈతకు ఒకటే పిల్ల.

ఉదయగిరి, వింజమూరు మెట్టలకు నెల్లూరు గొర్రె ఉండనే ఉంది. ఒంటి మీద ఉన్ని ఉండదు, పొట్టి వెంట్రుకే. పొడుగు కాళ్లతో ఎంత దూరమైనా నడిచి మేస్తుంది. తెల్లనిది పల్ల, ఎర్రనిది డోర. తెల్లటి ఒంటికి మూతి దగ్గర, కళ్ల చుట్టూ నల్లమచ్చలుంటే జోడిపి. చూడి ఐదు నెలలే. పాతిక గొర్రెలకు ఒక పొట్టేలు సరిపోతుంది. దాన్ని రెండేళ్లకోసారి మార్చాలి, లేకుంటే తన కూతుళ్లతోనే జతకట్టి, పుట్టే పిల్లలు ఎదగవు. అమ్మకానికి పొట్టేలు పిల్లలు, రాత్రిపూట రైతు పొలంలో మంద కట్టిస్తే దానికి ఎరువు.

నష్టమంతా మేత మారే రోజుల్లోనే. తొలకరికి మొలిచిన లేత గడ్డిని ఆబగా మేసిన జీవాల పేగుల్లో చిటుక రోగ క్రిములు ఒక్కసారిగా పెరిగి విషం చిమ్ముతాయి. సాయంత్రం గంతులేసిన బలమైన పిల్ల తెల్లారేసరికి మెడ వెనక్కి విరిచి, పొట్ట ఉబ్బి పడి ఉంటుంది. మందలో ముందు పోయేది బక్కవి కాదు, బాగా మేసినవే. అప్పుడు వైద్యానికి వ్యవధి ఉండదు, టీకా ఒక్కటే దారి. మూడు నెలలు దాటిన పిల్లలకు మొదటిసారి వేశాక పదిహేను రోజులకు రెండోది, ఆపైన ఏటా ఒకటి. టీకాకు వారం ముందు నట్టల (పేగు పురుగుల) మందు తాగించాలి. టీకా సీసా 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలోనే ఉండాలి, గడ్డకడితే పనికిరాదు.

కోత కోసిన మాగాణిలో, నత్తలున్న కాలవ గట్ల మీద మేపితే కాలేయంలో పురుగులు చేరే జలగ రోగం వస్తుంది. దవడ కింద నీరు దిగడం దాని గుర్తు. వాన లేక వాడిన లేత జొన్నలోకి, కోశాక వచ్చిన పిలకల్లోకి మందను అసలు తోలకూడదు. ఆ జొన్నలో ఉండే విషానికి నిమిషాల్లో పడిపోతాయి.

టీకా వేశాక రోగాన్ని తట్టుకునే శక్తి రావడానికి రెండు వారాలు పడుతుంది. అందుకే చిటుక టీకా మే నెలాఖరులోపే అందేలా పశుసంవర్ధక శాఖ చూడాలి. పగలు ఊళ్లో శిబిరం పెడితే కొండకెళ్లిన మంద అప్పటికి తిరిగి రాదు. మందలు దొడ్డి వదలకముందే, తెల్లవారుజామున సిబ్బంది అక్కడికే రావాలని కోరుతున్నాం.

— గొర్రెల పెంపకందారులు, వింజమూరు మండలం, నెల్లూరు జిల్లా