కుక్క కాళ్లు కడుగుతున్నాం సరే, ఆరబెడుతున్నామా?

సంపాదకులకు నమస్కారం.

తొలకరి పడుతూనే పాడి పశువులకు గొంతువాపు, జబ్బవాపు టీకాలు వేయించాలని, గొర్రెల గిట్టలు కుళ్లకుండా చూసుకోవాలని పత్రికలన్నీ రాస్తాయి. అది రాయవలసిన సంగతే. పట్టణాల్లో ఇంటింటా పెరుగుతున్న కుక్కల పాదాల ఊసు మాత్రం ఎక్కడా కనిపించదు. మా కోస్తా జిల్లాల్లో జూన్‌లో మొదలైన తడి తుఫానుల పుణ్యమా అని నవంబరు దాకా సాగుతుంది. అన్నాళ్లూ ఆ నాలుగు పాదాలు బురదలోనో, రోడ్డు మీద నిలిచిన నీటిలోనో నానుతూనే ఉంటాయి. చాలామంది వాటిని శ్రద్ధగా కడుగుతారు, కడిగి అలాగే వదిలేస్తారు. నేనూ అదే చేసి చెయ్యి కాల్చుకున్నాను గనుక ఈ లేఖ రాస్తున్నాను.

మా ఇంట్లో ఎనిమిదేళ్ల లాబ్రడార్ ఉంది. నిరుడు ఆగస్టులో, షికారు నుంచి రాగానే వాకిట్లో బకెట్ నీళ్లలో ఘాటైన క్రిమిసంహారక మందు ఒక మూతెడు కలిపి, దాని కాళ్లు ముంచి లోపలికి పంపేవాణ్ణి. ఇంతకు మించిన శుభ్రత ఏముంటుందని నా ధీమా. పది రోజులు తిరక్కుండానే అది రాత్రిళ్లు కుడి ముందుకాలిని అదేపనిగా నాకడం మొదలుపెట్టింది. పక్కన కూర్చుంటే పులిసిపోయిన పిండి వాసన వచ్చేది. పశువైద్యురాలు ఆ కాలి వేళ్లను విడదీసి, టార్చి వేసి చూపించారు. పైకి ఏ మచ్చా లేని పాదంలో వేళ్ల సందులు ఎర్రగా కమిలి, అంచులు నాని తెల్లబడి, వరినాట్లు వేసేవారి కాలి సందుల్లా ఒరిసిపోయి ఉన్నాయి. లేత పసుపు రంగు వెంట్రుకలు ఇటుక రంగుకు తిరిగాయి. లాలాజలంలోని రంగు పదార్థం వల్ల నాకిన చోటల్లా అలా మరక పడుతుందట. చాలదన్నట్టు ఒక సందులో మినపగింజంత గోమారు నెత్తురు తాగి ఉబ్బి ఉంది.

ఆమె చెప్పిన కారణం తేలికగానే అర్థమైంది. మలసీజియా అనే ఈస్ట్ (కంటికి కనిపించని ఒక రకం శిలీంధ్రం) ఆరోగ్యంగా ఉన్న కుక్క చర్మం మీద కూడా కొద్దిగా ఉంటుంది. వేళ్ల సందుల్లో తడి ఆరకపోతే అది విపరీతంగా పెరిగి దురద పుట్టిస్తుంది. దురదకు కుక్క నాకుతుంది. నాకిన తడి ఈస్ట్‌కు ఇంకా కలిసొస్తుంది. నేను వాడిన మందు ఆ చర్మాన్ని మరింత మండించడమే కాక, నాకినప్పుడల్లా కడుపులోకీ వెళ్లింది. ఫినాయిల్ అయితే మరీ ప్రమాదకరం. అపార్ట్‌మెంట్లలో లిఫ్టు నేల మీద కనిపించిన పాదముద్రకు మీటింగు పెట్టే పెద్దమనుషులకు జడిసి, ఫినాయిల్ నీళ్లతోనే కుక్క కాళ్లు తుడిచేవారిని నేను చూశాను. చెమటకాయలకు మనం చల్లుకునే పౌడర్లు కూడా పనికిరావు. వాటిలో సాధారణంగా ఉండే జింకు, బోరిక్ వంటివి కడుపులోకి పోకూడనివి. గొర్రెలను మైలుతుత్తం కలిపిన నీళ్లలో నడిపించే పద్ధతి ఉంది కదా అని కుక్కకూ అదే చేయబోయేవారు, కుక్క తన కాలు తానే నాకుతుందని, మైలుతుత్తం విషమని గుర్తుంచుకోవాలి.

ఇప్పుడు మా గుమ్మం పక్కన ఒక పాత ప్లాస్టిక్ మగ్గు, మేకుకు రెండు నూలు పంచె ముక్కలు ఉంటాయి. మగ్గులో గోరువెచ్చని మంచినీళ్లు పోసి ఒక్కొక్క పాదాన్నీ ముంచి తీస్తాను. మొదటి గుడ్డతో పైతడి అద్దుతాను. రెండో గుడ్డ అంచును వేలికి చుట్టి, పాదానికి నాలుగు వేళ్ల మధ్యా, అడుగున మెత్తల మధ్యా, పైన విడిగా ఉండే గోరు వెనకా రుద్దకుండా ఒత్తుతాను. నాలుగు కాళ్లకూ కలిపి అయిదారు నిమిషాలు పడుతుంది, అంతే. గోమార్లు దొరికేదీ అప్పుడే. మెత్తల మధ్య పెరిగిన వెంట్రుకలు బురదను పట్టి ఉంచుతాయి కాబట్టి వాటిని నెలకోసారి కత్తిరించాలి. మునిసిపాలిటీ వారు కాలువ గట్ల మీద సున్నం, బ్లీచింగ్ పౌడర్ చల్లిన రోజున, తడి కాలికి అంటితే అవి చర్మాన్ని కాలుస్తాయి గనుక, వేరే దారిన తీసుకుపోవడమే మేలు. తప్పక తొక్కిస్తే ఇంటికి రాగానే ధారాళంగా నీళ్లు పోసి కడగాలి. ఇక ఆన్‌లైన్‌లో అమ్మే బూట్లు కాసేపటి నడకకు సరే కానీ, కుక్కకు చెమట పట్టేదే పాదాల మెత్తల్లో కాబట్టి వాటిని గంటల తరబడి తొడిగి ఉంచితే లోపల మళ్లీ అదే తడి.

ఈ వ్యవహారం కుక్కతో పోయేదీ కాదు. ఎలుకల మూత్రం కలిసిన వాననీటిలో ఉండే లెప్టోస్పైరా బ్యాక్టీరియా ఒరిసిపోయిన చర్మం గుండా సులువుగా లోపలికి వెళ్తుంది. జబ్బు పడిన కుక్క మూత్రం ద్వారా ఇంట్లో మనుషులకూ సోకవచ్చు. లెప్టోస్పైరోసిస్ అనే ఈ జబ్బుకు కుక్కలకు ఏటా వేయించదగిన టీకా ఉంది. రేబిస్ సూది వేయించాం, ఇక అన్నీ అయిపోయాయని అనుకునేవారు నా ఇరుగుపొరుగులోనే అయిదారుగురు ఉన్నారు.

1885 జూలై 6న లూయీ పాశ్చర్ ఒక బాలుడికి తొలిసారి రేబిస్ టీకా వేసినందుకు గుర్తుగా జూలై 6ను జూనోసిస్ దినంగా, అంటే జంతువుల నుంచి మనుషులకు సోకే జబ్బుల గురించి తెలియజెప్పే రోజుగా జరుపుతున్నారు. ఆ రోజున రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వ పశువైద్యశాలల్లో పెంపుడు కుక్కలకు ఉచితంగా రేబిస్ టీకాలు వేస్తున్నారు. సరిగ్గా వానలు అందుకునే వేళ. వరుసలో నిలబడిన యజమానులకు, వారి కుక్క కాలినే పట్టి, వేళ్ల సందులు ఎలా చూడాలో, ఎలా ఆరబెట్టాలో సిబ్బంది రెండు నిమిషాలు చూపించే ఏర్పాటు చేయాలని పశుసంవర్ధక శాఖ అధికారులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. లెప్టోస్పైరోసిస్ టీకా సంగతి కూడా అక్కడే ఒక బోర్డు మీద రాసి పెడితే బాగుంటుంది. వచ్చే జూన్ మొదటి వారంలో మీరూ ఒక పశువైద్యుని చేత ఈ విషయమై బొమ్మలతో సహా వ్యాసం రాయించి ప్రచురించగలరు.

భవదీయుడు,
ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం