ముట్టుకోకండిరా, అదే వస్తుంది

లూయివిల్, కెంటకీ
జనవరి 18, 2026

ఒరేయ్ రాంబాబూ,

తిట్టుకో, పడతాను. దసరాకి నువ్వు రాసిన ఉత్తరానికి సంక్రాంతి వెళ్లాక జవాబు రాస్తున్నాను. మధ్యలో రెండుసార్లు మొదలుపెట్టి "ఇక్కడ అందరం క్షేమం" దగ్గరే ఆగిపోయాను. ఆ కాగితాల వెనక పాప లెక్కలు చేసుకుంది.

ఇక్కడ అందరం క్షేమం. పాప నా భుజం దాటింది. సుజాతకి ఉద్యోగం మారింది. నా మోకాలు మారలేదు. నేను ఇంకా అలబామాలో హంట్స్‌విల్ దాకా వెళ్లి పనిచేసి వారాంతానికి ఇంటికొస్తున్నాను, ఒక్కో వైపు 280 మైళ్లు. అయిపోయాయి కబుర్లు.

ఇప్పుడు అసలు సంగతి. ఫోన్లోనే చెబుదామనుకున్నాను. కానీ నువ్వు మధ్యలో దూరి "ఇంతకీ ఆ కారుకి ఇన్సూరెన్స్ ఉందా లేదా?" అంటావు. కాగితం మీదైతే నోరు మూసుకుని వినాలి కదా.

పోయిన శనివారం రాత్రి ఇంటికి వస్తున్నాను. నాష్‌విల్ దాటి, కెంటకీలోకి వచ్చి, కేవ్ సిటీ దగ్గరికి వచ్చేసరికి డాష్‌బోర్డులో బ్యాటరీ గుర్తు ఎర్రగా వెలిగింది. తర్వాత లైట్లు మసకబారాయి. తర్వాత స్టీరింగ్ బండరాయైపోయింది. ఎలాగో పక్కకి లాగి ఆపాను. ఆల్టర్నేటర్, అదే బ్యాటరీకి కరెంటు పెట్టే సామాను, పోయింది. బయట గడ్డకట్టే చలి. పక్కనుంచి లారీలు రయ్యిన పోతుంటే కారు మొత్తం ఊగుతోంది. ఆ టైములో నాకు ఎవరు గుర్తొచ్చారో తెలుసా? పుల్లయ్య సైకిలు. ఇంకేం రాయను, నీకు అర్థమైంది.

గంటన్నరకి టో ట్రక్ వచ్చింది. దిగినాయనకి డెబ్భై దాకా ఉంటాయి. పొట్టిగా, బస్తాలా ఉన్నాడు. ఏమీ మాట్లాడకుండా పది నిమిషాల్లో నా కారుని పైకెక్కించి గొలుసులు బిగించేశాడు. నన్ను చూసి "ఎక్కు, లోపల వెచ్చగా ఉంది" అన్నాడు. ఎక్కాను. లోపల పాత కాఫీ వాసన, గ్రీజు వాసన. ఇంకా రేడియో.

రేడియో అంటే రేడియోరా! మన రేడియో! గరగరమంటూ, మధ్యమధ్యలో కుయ్యిమంటూ, పాట నూతిలోకి దిగి మళ్లీ చేదతో పైకొస్తున్నట్టు. ఎఫ్ఎం కాదు, ఏఎం. మనం మీడియం వేవ్ అనేవాళ్లం చూడు, అదే. నేనీ దేశంలో పదిహేడేళ్లుగా ఉంటున్నాను, కారులో ఆ బొత్తాం ఒక్కసారి కూడా నొక్కలేదు.

అది నాష్‌విల్ స్టేషన్, 650. డబ్ల్యూఎస్ఎం దాని పేరు. ఇప్పుడు జాగ్రత్తగా విను, ఈ ముక్క నీ కోసమే రాస్తున్నాను. ఆ మూడక్షరాలు ఏమిటనుకున్నావు? వి షీల్డ్ మిలియన్స్! లక్షలమందికి మేమే అండ అని. అది ఇన్సూరెన్స్ కంపెనీ నినాదంరా! 1925లో ఆ స్టేషన్ పెట్టిందే నేషనల్ లైఫ్ అండ్ యాక్సిడెంట్ అనే బీమా కంపెనీ. వాళ్ల ఏజెంట్లు వారం వారం ఇళ్లకి తిరిగి చిల్లర ప్రీమియాలు వసూలు చేసేవాళ్లట. తలుపు కొట్టి "మేము శనివారం రాత్రి పాటలు వేసే కంపెనీ వాళ్లం" అంటే చాలు, లోపలికి రమ్మనేవాళ్లట. నువ్వు మా చెల్లెలి పెళ్లి పందిట్లో, అప్పగింతలప్పుడు, మా బావగారి చేతిలో ఎండోమెంట్ పాలసీ కాగితం పెట్టావే, ఎంత మొరటుగా చేశావో ఇప్పుడన్నా తెలుసుకో. ఒక ఫిడేలు పట్టుకెళ్లి ఉంటే సరిపోయేది. యోగక్షేమం వహామ్యహం.

ఆ శనివారం రాత్రి కార్యక్రమానికి మొన్న నవంబరులో నూరేళ్లు నిండాయి. 1925 నవంబరు 28న 77 ఏళ్ల ముసలాయన, అంకుల్ జిమ్మీ థాంప్సన్ అని, మైకు ముందు కూర్చుని గంటసేపు ఫిడేలు వాయించాడు. నాకు వెయ్యి పాటలొచ్చు అని గొప్పలు చెప్పుకునేవాడట. మన వీధి చివర హరికథ దాసుగారు చెప్పేవారే, అచ్చం అలాగే. అప్పట్నుంచి ఆపకుండా నడుస్తోంది. ముందు దాన్ని బార్న్ డాన్స్ అనేవాళ్లు. 1927లో ఒక శనివారం, అంతకుముందు గంట సేపు ఘనమైన యూరప్ సంగీతం వచ్చిందట. అది అవగానే అనౌన్సర్ జార్జ్ హే, ఇప్పటిదాకా గ్రాండ్ ఒపెరా విన్నారు, ఇక మా గ్రాండ్ ఓల్ ఆప్రీ వినండి అని, ఒపెరాని పల్లెటూరి యాసలో పలికి వెక్కిరించాడు. ఆ వెక్కిరింతే పేరుగా నిలిచిపోయింది. ఆ రాత్రి డీఫోర్డ్ బెయిలీ అనే నల్లజాతి కళాకారుడు హార్మోనికా మీద రైలు పోతున్నట్టు వాయించాడు. అంత పేరున్నవాణ్ణి 1941లో తీసేశారు. కంట్రీ సంగీతం, అంటే ఇక్కడి పల్లె పాటలు, వాళ్ల హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఆయనకి చోటిచ్చింది 2005లో, ఆయన పోయిన చాన్నాళ్లకి. ఇది ట్రక్కాయన చెప్పలేదు, తర్వాత నేను చదివాను. చదివి కాసేపు మనసు బాగోలేదు. సర్లే.

ట్రక్కులోకి వద్దాం. నేను రేడియో వైపే చూస్తుంటే ఆయన "ఆపేయనా?" అన్నాడు. వద్దు వద్దన్నాను. అంతే, నోరు తెరిచాడు. వాళ్ల నాన్న తూర్పు కెంటకీ బొగ్గు గనుల్లో పనిచేసేవాడట. ఇంట్లో కరెంటు లేనప్పుడు కూడా బ్యాటరీ రేడియో ఉండేదట. వారమంతా బ్యాటరీ దాచుకుని శనివారం రాత్రికి వాడేవాళ్లట. ఎవరెవరో చుట్టుపక్కలవాళ్లు వచ్చి వసారాలో కూర్చునేవాళ్లట. నేను "మా ఊళ్లో కూడా" అనబోయాను. ఆయన వినిపించుకోలేదు. పెద్దవాళ్లు ఎక్కడైనా ఒకటే.

హ్యాంక్ విలియమ్స్ అని ఒక పాత కంట్రీ గాయకుడి పాట ఒకటి వచ్చింది. గొంతు గాజు మీద గీసినట్టుంది. ఆయన 29 ఏళ్లకే, 1953 జనవరి 1న, కచేరీకి పోతూ పోతూ కారు వెనక సీట్లోనే చనిపోయాడట. అది చెప్పి మా ట్రక్కాయన నా వైపు తిరిగి "అందుకే నిన్ను ముందు కూర్చోబెట్టాను" అన్నాడు. నవ్వాలో లేదో తెలియలేదురా. నవ్వాను.

ఇంకో మాట. ఈ పాటల్లో స్టీల్ గిటార్ అని ఒకటుంది. తీగ మీద ఇనుప కడ్డీ పెట్టి జారుస్తారు. స్వరం మెట్టు మెట్టుగా ఎక్కదు, జారుతుంది, ఏడుస్తూ జారుతుంది. ఎక్కడో విన్నానే అనుకుంటూ కూర్చున్నాను. మన పాత సినిమా పాటల్లో హవాయిన్ గిటార్ లేదూ? దాని సంతానమే ఇది! హవాయి దీవుల్నుంచి అటు మద్రాసుకీ బొంబాయికీ వెళ్లింది, ఇటు నాష్‌విల్‌కీ వచ్చింది. మీ తాతయ్య కళ్లు మూసుకుని చెయ్యి ఊపుతూ వినే పాటల్లో ఉండేది ఇదే.

మీ తాతయ్య దగ్గరికే వస్తున్నాను. ఆగు.

మన్‌ఫర్డ్‌విల్ దాటాక జార్జ్ జోన్స్ పాట మొదలైంది. 1980 నాటిది, "హి స్టాప్డ్ లవింగ్ హర్ టుడే", ఇవాళ ఆమెని ప్రేమించడం మానేశాడు అని. చచ్చేదాకా ఒకావిణ్ణి మరిచిపోలేనివాడి కథ. ఇంత ఏడుపు పాట ఎవడు కొంటాడని పాడినాయనే అన్నాడట. తీరా దేశమంతా కొన్నది. ట్రక్కాయన మాటలాపేశాడు. ట్రక్కు వేగం కూడా తగ్గించాడు. వెనక నా కారు గొలుసులు గలగలమంటున్నాయి. పాట సరిగ్గా చివరికొచ్చింది, ఆ మనిషి ఎందుకు ప్రేమించడం మానేశాడో చెప్పబోతున్నాడు, పోయింది! గరగర. ఇంకో స్టేషనేదో లోపల్నుంచి గొణుగుతోంది. నా చెయ్యి దానంతటదే నాబ్ మీదికి వెళ్లింది. ఆయన నా చెయ్యి మీద ఒక్కటేశాడు. మెల్లగానే, కానీ ఏశాడు.

"ముట్టుకోకు. అదే వస్తుంది" అన్నాడు.

రాంబాబూ, నాకు నోట మాట రాలేదు. ఆ మాట నీకు చెప్పాలనే ఇన్ని పేజీలు రాసింది. తెనాల్లో మీ ఇంటి పడమటి వసారా, తోలు తొడుగులో మర్ఫీ రేడియో, వేపచెట్టుకి కట్టిన ఏరియల్ తీగ, రాత్రి నాటకం మంచి పట్టులో ఉండగా విజయవాడ కేంద్రం మాయమై తమిళం రావడం, మనిద్దరం ఒకేసారి చెయ్యి పెట్టడం, మీ తాతయ్య విసనకర్రతో ఇద్దరికీ చెరొకటి! "ముట్టుకోకండిరా, అదే వస్తుంది." ఒక్క అక్షరం తేడా లేదురా.

అదే వచ్చింది కూడా. కానీ పాట అయిపోయాక. మబ్బు విడినట్టు అనౌన్సరు గొంతు తేటగా వినపడింది. నేను దిగాలుగా మొహం పెట్టాననుకుంటా, ట్రక్కాయన రోడ్డు మీంచి కళ్లు తిప్పకుండా చెప్పాడు: "చనిపోయాడు. అందుకు మానేశాడు." కబురు చెప్పినట్టు చెప్పాడు. తర్వాత ఎలిజబెత్‌టౌన్ దాకా ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు. దారిలో టైమ్ జోన్ మారి గడియారం గంట ముందుకి దూకింది. నాకేమో ముప్ఫై అయిదేళ్లు వెనక్కి వెళ్లినట్టుంది. సరేలే, ఇలాంటివి రాస్తే నువ్వు ఏడిపిస్తావు.

ఎందుకు పోతుందో, ఎందుకొస్తుందో ఇంటికొచ్చి చదివాను. పగలు ఎండకి ఆకాశంలో 60 నుంచి 90 కిలోమీటర్ల ఎత్తున ఒక పొర తయారై ఈ తరంగాల్ని తాగేస్తుందట. పొద్దుగూకితే ఆ పొర కరిగిపోతుంది. అప్పుడు అల ఇంకా పైకెళ్లి, పై పొరకి తగిలి వంగి, వందల మైళ్ల అవతల దిగుతుంది. మధ్య దూరంలో ఉన్నవాళ్లకి నేల మీద పాకివచ్చే అలా, ఆకాశం నుంచి దిగే అలా రెండూ చేరి తన్నుకుంటాయి. అందుకే ఆ పోవడం రావడం. మన చిన్నప్పుడు తమిళం రాత్రిపూటే ఎందుకు వచ్చేదో ఇదన్నమాట. మీ తాతయ్య మాత్రం "వాళ్లది రాత్రి డ్యూటీరా" అనేవారు. అదే బాగుంది.

ఆ స్టేషన్ టవరు నేను ప్రతివారం చూస్తూనే ఉన్నాను తెలుసా! నాష్‌విల్ దక్షిణాన బ్రెంట్‌వుడ్‌లో, హైవే పక్కనే. 1932లో కట్టారు, ఇప్పుడు 808 అడుగులు. మధ్యలో లావు, కిందా పైనా సన్నం. రెండు గాలిగోపురాల్ని అడుగు అడుగు కలిపి నిలబెట్టినట్టుంటుంది. ఇన్నాళ్లూ కరెంటు వాళ్లదేమో అనుకున్నాను. 50,000 వాట్ల స్టేషన్! దాని పక్కనుంచే పోతూ నేను ఫోన్లో పాడ్‌కాస్టులు విన్నాను.

ఇప్పుడు అదే నా స్టేషన్. ఫోన్లో కూడా వస్తుంది, శుభ్రంగా, మచ్చ లేకుండా. పెట్టి చూశాను. అయిదు నిమిషాలకి కట్టేశాను. ఎప్పుడైనా వినొచ్చంటే ఇప్పుడెందుకనిపిస్తుంది. పోతుందేమోనన్న భయం ఉంటే చెవి నిలబడుతుంది. కొత్త కంట్రీ పాటలు కూడా విన్నాను. అంతా బీరు, పికప్ ట్రక్కు. మా ట్రక్కాయన అయితే వాటిని పాటలే కాదంటాడు. అంత కచ్చితంగా నేననను గానీ, ఆ గొంతుల్లో ఎవరికీ ఏమీ పోయినట్టుండదు.

సుజాత కరెంటు కారు కొందామంటోంది. షోరూముకి వెళ్లి ఏఎం రేడియో ఉందా అనడిగాను. ఆ కుర్రాడు క్యాసెట్ ప్లేయర్ అడిగినట్టు చూశాడు. ఈ మోటార్ల రొదకి ఏఎంలో గోల వస్తుందని కొన్ని కంపెనీలు తీసేశాయట. 2023లో జనం గొడవ చేస్తే ఫోర్డ్ మళ్లీ పెడతానంది, ఇక్కడి పార్లమెంటు, అదే కాంగ్రెస్‌లో బిల్లు కూడా పెట్టారు. సుజాత నా మొహం చూసి "రేడియో కోసం కారు కొంటారా?" అంది. నేను ఇంకా జవాబు చెప్పలేదు. ఆల్టర్నేటర్ కొత్తది వేయించాను, అది చాలదూ?

నీ సంగతులేవీ అడగలేదు. పిన్నిగారి కాలు ఎలా ఉంది? మీవాడి సీటు ఏమైంది? నేతిగిన్నె వ్యవహారం మీ ఆవిడకి ఇప్పటికైనా తెలిసిందా?

ముఖ్యంగా తాతయ్య రేడియో అటక మీదే ఉందా? ఉంటే పాత సామానువాడికి వెయ్యనివ్వకు. ఇవాళే ఎక్కి, వెనక మూత తీసి సెల్లులున్నాయేమో చూడు, ఉంటే కారి లోపలంతా తినేస్తాయి. తర్వాత ఆ ఏరియల్ తీగ

సుజాత కింద హారన్ కొడుతోంది, పాపని డాన్స్ క్లాసులో దింపాలి. మిగతాది

నీ సీను