ఫోన్ కొనే ముందు బ్యాండ్ చూడండి: హన్మకొండ షాపు నుంచి మా కస్టమర్లకు

మా షాపుకి వచ్చే అన్నలకూ అక్కలకూ నమస్తే. ఈ మధ్య ములుగు, తాడ్వాయి, ఏటూరునాగారం, భూపాలపల్లి వైపు నుంచి వచ్చేవాళ్లు ఎక్కువగా ఒకటే అడుగుతున్నారు. "మా ఊళ్లో బీఎస్ఎన్ఎల్ కొత్త టవర్ పెట్టిండ్రు. పక్కింటోళ్ల ఫోన్‌లో సిగ్నల్ మంచిగ వస్తుంది, నా ఫోన్‌లో గీత కూడా లేదు. ఫోన్ ఖరాబైందా?" అని. చాలావరకు ఆ ఫోన్లు ఖరాబు కాలేదు. ఆ టవర్ వాడే బ్యాండ్, అంటే సిగ్నల్ వచ్చే ఫ్రీక్వెన్సీ, వాటిలో లేదు.

బీఎస్ఎన్ఎల్ 4జీ ముఖ్యంగా రెండు బ్యాండ్ల మీద నడుస్తుంది. ఒకటి 2100 మెగాహెర్ట్జ్, దాన్ని బ్యాండ్ 1 అంటారు. అది దాదాపు అన్ని 4జీ ఫోన్లలోనూ ఉంటుంది. రెండోది 700 మెగాహెర్ట్జ్, అంటే బ్యాండ్ 28. సిగ్నలే లేని ఊళ్ల కోసం 2022లో కేంద్రం ఆమోదించిన పథకం కింద పెడుతున్న టవర్లలో ఇదే ముఖ్యం. తక్కువ ఫ్రీక్వెన్సీ కాబట్టి దూరం పోతుంది, చెట్లనూ గోడలనూ దాటుకొని వస్తుంది. మన ఏజెన్సీ ఊళ్లకు ఇంతకంటే పనికొచ్చే బ్యాండ్ లేదు.

మరి ఫోన్లలో ఎందుకు లేదంటే, దానికి కారణం వేలంపాటలే. 2016లో, 2021లో ప్రభుత్వం 700 మెగాహెర్ట్జ్‌ను వేలానికి పెడితే, ధర ఎక్కువని ఏ కంపెనీ కొనలేదు. 2022లో జియో కొన్నది. అప్పటిదాకా మన దేశంలో జియో 4జీకి 3, 5, 40, ఎయిర్‌టెల్ 4జీకి 1, 3, 8, 40 బ్యాండ్లు ఉంటే సరిపోయేది. ప్రతి బ్యాండ్‌కూ ఫోన్ లోపల ఫిల్టర్, యాంటెన్నా ఏర్పాటు కావాలి, ఖర్చవుతుంది. వాడకంలో లేని 28ని మన దేశం మోడళ్లలో చాలామంది తయారీదారులు పెట్టలేదు. వేరే దేశాల్లో కూడా అమ్మిన కొన్ని మోడళ్లలో మాత్రం ఉంది. అందుకే ఒకే ఏడాది, ఒకే ధరకు కొన్న రెండు ఫోన్లలో ఒకదానికి సిగ్నల్ వస్తుంది, ఇంకోదానికి రాదు.

"సాఫ్ట్‌వేర్ వేసి బ్యాండ్ తెచ్చిపెట్టు" అని అడుగుతున్నారు. లోపల పార్టే లేనప్పుడు సాఫ్ట్‌వేర్ ఏమీ చేయలేదు. 2022 చివర్లో అప్‌డేట్‌తో చాలా ఫోన్లకు 5జీ వచ్చింది నిజమే, ఐఫోన్ 12 నుంచి పై మోడళ్లకు కూడా ఆ డిసెంబర్‌లో అట్లనే వచ్చింది. కానీ వాటి లోపల ఆ బ్యాండ్లు ముందే ఉన్నాయి, అప్‌డేట్ వాటిని ఆన్ చేసింది. లేని బ్యాండ్‌ను వేసిస్తామని ఎవరైనా డబ్బులు అడిగితే దయచేసి ఇవ్వకండి.

5జీ ఫోన్లలోనూ ఇదే తేడా. జియో 5జీ ఎన్28 (5జీలో అదే 700 మెగాహెర్ట్జ్), ఎన్78 (అంతకంటే చాలా ఎక్కువ ఫ్రీక్వెన్సీ) అనే బ్యాండ్ల మీద వస్తుంది. ఎయిర్‌టెల్ 5జీ ఎక్కువగా ఎన్78 మీద. 2020, 2021లో వచ్చిన కొన్ని 5జీ ఫోన్లలో ఎన్78 ఒక్కటే ఉంది. అది ఆరుబయట బాగా పట్టుకుంటుంది, ఇంట్లోకి పోయేసరికి జియో 4జీకి పడిపోవచ్చు. సెకండ్ హ్యాండ్‌లో తక్కువ ధరకు 5జీ ఫోన్ దొరికిందంటే ముందుగా ఇది చూసుకోండి.

అమెరికాలో ఉన్న పిల్లలు పంపిన ఫోన్లు, గల్ఫ్ నుంచి జగిత్యాల, సిరిసిల్ల అన్నలు తెచ్చే ఫోన్లు కూడా వస్తున్నాయి. పేరు అదే ఉన్నా మోడల్ నంబర్ వేరైతే బ్యాండ్లు వేరుగా ఉండొచ్చు. ఇంకో సంగతి: అమెరికాలో అమ్మే ఐఫోన్ 14, ఆ తర్వాత వచ్చినవాటిలో సిమ్ పెట్టే స్లాటే లేదు, ఈ-సిమ్ మాత్రమే. తెప్పించుకునే ముందే మోడల్ నంబర్ నాకు వాట్సాప్ చేయండి, చూసి చెప్తాను.

బ్యాండ్ ఉన్నా సరిపోని సందర్భం ఒకటుంది. నెట్ వస్తుంది, కాల్ పోదు. 2జీ లేని టవర్ కింద కాల్ కూడా 4జీ మీదే పోవాలి, దాన్నే వోల్ట్ (VoLTE) అంటారు. బీఎస్ఎన్ఎల్ సిమ్‌తో వోల్ట్ పనిచేసేట్టు కంపెనీ ఆ ఫోన్‌కి సెట్టింగ్ ఇచ్చి ఉండాలి. కొన్నింటికి ఇవ్వలేదు. ఇది అప్‌డేట్‌తో సరయ్యే అవకాశం ఉంది కాబట్టి ఫోన్ మార్చే ముందు అప్‌డేట్ చేసి చూడండి. నాకు ఎక్కువ బాధ కలిగేది పెద్దవాళ్ల విషయంలో. వాళ్ల చేతిలో ఉండేది 2జీ కీప్యాడ్ ఫోన్, అలాంటి టవర్ కింద అది మోగదు. జియో భారత్ ఫోన్ కొనిద్దామంటే అందులో జియో సిమ్ తప్ప వేరేది పనిచేయదు.

అందుకని షాపులో కొన్ని పద్ధతులు మారుస్తున్నాం. ఇకనుంచి కొత్తదైనా పాతదైనా ప్రతి ఫోన్ బిల్లు మీద బ్యాండ్ 28, ఎన్28, ఎన్78 ఉన్నాయో లేవో రాసిస్తాం. మీ ఊరు ఏది, అక్కడ ఏ సిమ్ అందుతుందో అడగకుండా ఫోన్ అమ్మం, కీప్యాడ్ ఫోన్ కూడా. బ్యాండ్ 28 లేని పాత 4జీ ఫోన్లకు ఎక్స్‌ఛేంజ్‌లో ధర తగ్గిస్తున్నాం. ఇది కొందరికి కష్టంగా ఉంటుందని తెలుసు. కానీ ఎక్కువ పెట్టి తీసుకుంటే, ఆ ఫోన్‌ను ఇంకో ఊరి మనిషికి ఎక్కువకే అంటగట్టాల్సి వస్తుంది. ఆ పని నేను చేయను.

వరంగల్, హన్మకొండ, కాజీపేటలో ఉంటూ జియో లేదా ఎయిర్‌టెల్ వాడేవాళ్లకు ఇప్పుడు టెన్షన్ అక్కర్లేదు. మీ 4జీ ఫోన్ పనిచేస్తూనే ఉంటుంది, ఈ కారణంతో కొత్తది కొనకండి. బీఎస్ఎన్ఎల్ వాడే ఊళ్ల వాళ్లు ఫోన్‌తో పాటు సిమ్ కూడా తీసుకురండి, బ్యాండ్లు చూడడానికి డబ్బులు తీసుకోం. సిమ్ పాత 2జీ, 3జీది అయితే ముందు దాన్ని 4జీకి మార్చుకోవాలి. అది మా దగ్గర కాదు, ఆధార్ పట్టుకొని బీఎస్ఎన్ఎల్ ఆఫీసుకు వెళ్లండి.