చప్పట్లకు మార్కులు, ఆధారానికి సున్నా: విద్యాశాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయ మంత్రిగారికి,

ఒడిశాలోని గజపతి, రాయగడ, గంజాం, కొరాపుట్ జిల్లాల తెలుగు మీడియం ఉపాధ్యాయుల నమస్కారాలు.

బడిపిల్లల చర్చాపోటీల తీరు మార్చమని మూడు అర్జీలు పెట్టుకున్నాం. మొదటిదానికి "పరిశీలిస్తాం" అన్నారు. రెండోదానికి రసీదు దక్కింది. మూడోది ఎవరి బల్ల కింద ఉందో తెలియదు. అందుకే ఈ లేఖ అందరూ చదివేలా రాస్తున్నాం, తమరు మన్నించాలి.

పోటీ రేపు పదింటికనగా అంశం ఈ సాయంత్రం వాట్సాప్‌లో దిగుతుంది. పంతులు రాత్రి కూర్చుని రాస్తాడు, పిల్ల తెల్లారేలోపు బట్టీ పడుతుంది. మర్నాడు పన్నెండు మంది ఎక్కి తలా మూడు నిమిషాలు మాట్లాడి దిగిపోతారు. ఒకరి మాటకు ఒకరు బదులు చెప్పరు. దీన్ని చర్చ అంటున్నారు. కనీసం వితండవాదమైనా కాదిది, వితండానికైనా ఎదుటివాడి మాట వినాలి కదా! "సర్వేలు చెబుతున్నాయి" అనగానే చప్పట్లు. ఏ సర్వే, ఏ సంవత్సరం అని అడిగే జడ్జీ లేడు. మార్కుల షీటులో ఉచ్చారణ ఉంది, హావభావం ఉంది, ధారణ ఉంది. ఆధారానికి గడే లేదు.

మేమడిగేది మూడు వారాల గడువు. ఎందుకో చెబుతాం. ఒడిశా, ఆంధ్రప్రదేశ్ పంచుకునే వంశధార నది సంగతి, "నేరడి వద్ద వంశధారపై బ్యారేజీ రెండు రాష్ట్రాలకూ మేలు" అన్న అంశమే తీసుకోండి. మొదటి వారం ఎవరూ నోరు మెదపకూడదు. పోస్టుకార్డంత అట్టముక్క మీద ఒక్క సంగతే రాయాలి, కింద అది ఎక్కడిది, ఏ సంవత్సరం, ఎన్నో పేజీ. నీళ్లు సగం సగం అన్న 1962 ఒప్పందం ఒక ముక్క. ఈ నీళ్ల తగవు తీర్చడానికి 2010లో ఏర్పడ్డ ట్రైబ్యునల్ 2017లో తుది తీర్పిచ్చిందన్నది ఇంకొకటి. పేజీ నంబరు లేని ముక్క చెత్తబుట్టకే.

రెండో వారం ప్రతిజ్ఞ (మనం నిరూపించదలచిన మాట), హేతువు (దానికి కారణం), ఉదాహరణ. మన న్యాయశాస్త్రంలో, అంటే పాత తర్కశాస్త్రంలో, వాదానికి అవయవాలు అయిదున్నా బడిపిల్లలకు ఈ మూడు చాలు. పిల్లలు తప్పేది హేతువు దగ్గరే. "తీర్పు వచ్చింది కనుక మేలే" అంటారు. తీర్పు రావడం వేరు, మేలు జరగడం వేరు. "ఊళ్లు మునుగుతాయి" అంటారు. ఏ ఊరు, నీటిమట్టం ఎంత ఉంటే? అది చెప్పలేకపోతే అది భయమే, హేతువు కాదు.

మూడో వారం పెద్ద కాగితాన్ని నిలువుగా నాలుగు మడతలు పెట్టాలి. మొదటి మడతలో మన వాదం, రెండోదాంట్లో వాళ్ల జవాబు, మూడోదాంట్లో మన బదులు, నాలుగోదాంట్లో వాళ్ల ఆఖరి మాట. ఖాళీ మిగిలిన చోట ఓడినట్టు. ఏ పక్షమో ఆ రోజు బొమ్మా బొరుసూ వేసి తేల్చాలి. ముందే చెబితే పిల్లలు తమకు ఎదురొచ్చే అట్టముక్కలు పారేస్తారు, పాఠమంతా అక్కడే చెడుతుంది. ఒడిశాలో చదివే తెలుగు పిల్లకు ఈ నది విషయంలో రెండు పక్షాలూ ఇంటివేననుకోండి, అది వేరే సంగతి.

పక్షానికి ఇద్దరు, మనిషికి నాలుగు నిమిషాలు. ప్రతి ప్రసంగం తర్వాత రెండు నిమిషాలు ఎదుటిపక్షం ప్రశ్నలు. చివర పక్షానికి మూడు నిమిషాల సమాధానం. మొత్తం అరగంట. అతిథుల సన్మానం ఇంతకన్నా ఎక్కువ సేపు సాగుతోంది.

ఇక జడ్జీలు. తెలుగు రాని పెద్దలను కూర్చోబెడితే వాళ్లు పాపం హావభావాలు కాక ఇంకేం చూస్తారు? ట్రైబ్యునల్ తీర్పు ఇంగ్లీషులో ఉంది. తొమ్మిదో తరగతి పిల్లలకు అందులోంచి పది పేజీల తెలుగు సారాంశం ఇప్పించమన్నాం. అదీ అర్జీలోనే ఉంది.

పర్లాకిమిడి బడిలో పంతులుగా పనిచేసిన గిడుగు రామమూర్తి గారు వ్యావహారిక భాష కోసం ఉత్తుత్తిగా అరవలేదు. పాత గ్రంథాల్లోంచి ప్రయోగాలు ఏరి చూపారు, గ్రాంథికమే రాస్తామన్నవారి తప్పులు వాళ్ల రాతల్లోంచే ఎత్తి చూపారు. మన షీటు ప్రకారం ఆయనకు హావభావాల కింద ఎన్ని పడేవో! ఆయన పుట్టినరోజు ఆగస్టు 29న ఆయన పటానికి దండ మేమే వేసుకుంటాం, దానికి సర్క్యులర్ అక్కర్లేదు.

సర్క్యులర్ కావాల్సింది షీటుకు. సగం మార్కులు ఆధారానికీ, ఎదుటివాదానికి ఇచ్చిన బదులుకూ కేటాయించండి. అంశం మూడు వారాల ముందు పంపండి. తెలుగు వచ్చిన జడ్జీ ఒక్కరైనా ఉండేలా చూడండి. సర్క్యులర్ ఒడియాలో వచ్చినా ఫరవాలేదు, మేమే తెలుగు చేసుకుంటాం. అలవాటైన పనే.

ఇట్లు,
సరిహద్దు జిల్లాల తెలుగు మీడియం ఉపాధ్యాయులు